కంటికి చిక్కని పీడనము

తలుపు బలమును తెలియగోరువాడు పలకను తట్టి చూడడు, గడియను చూచును. ఎంత దళసరి టేకుపలకతో చేసినదైనను, తలుపును ద్వారబంధమునకు పట్టి నిలుపునది పిడికిలిలో ఇమిడెడు ఇనుపకడ్డీయే గదా. రైఫిలునందు ఆ గడియ పనిని చేయు భాగమునకు బోల్టని పేరు. గొట్టపు వెనుకకొనయందలి గదిలో తూటాను నిలిపి, వెనుకనుండి ద్వారమును బిగించి, లోన మందు రగులుకొని గుండు గొట్టమును దాటి పోవునంతవరకు ఆ ద్వారమును తెరువనీయక పట్టియుండుట దాని ధర్మము. అమెరికా దేశమున తుపాకి అభిమానులు వేరువేరు తయారీదారుల యొద్దనుండి భాగములను తెప్పించుకొని, తమ యిండ్లలోని పనిబల్లలమీదనే కూర్చుకొనుచుండెడు ఏఆర్-15 జాతి రైఫిలులో ఈ బోల్టు మనిషి చూపుడువ్రేలంత పొడవుండును. దాని ముందుకొన చుట్టును పూరేకులవలె ఏడు పండ్లు నిలిచియుండును. ఎనిమిదవ పంటికి చెందవలసిన చోటును, పేలిన గుల్లను వెనుకకు లాగు కొక్కెము ఆక్రమించినది. తూటాను గదిలోనికి నెట్టిన పిమ్మట బోల్టు ఇరువదిరెండున్నర డిగ్రీలు తిరుగును; అంతట ఆ పండ్లు గొట్టమునకు వెనుక బిగింపబడిన ఉక్కు కంఠములోని పండ్ల వెనుకకు పోయి నక్కును. గడియ పడినది.

మన దేశమున 1959 నాటి ఆయుధచట్టము ననుసరించి లైసెన్సు లేనిదే తుపాకిని చేయుటకుగాని కూర్చుటకుగాని వీలులేదు. కావున నేను చెప్పబోవు కథ ప్రధానముగా అమెరికాకు చెందినది. కాని అందలి భౌతికశాస్త్రము ఏ దేశపు సొత్తును కాదు. ఆవిరి బాయిలరును, డీజిలింజనును, వంటయింటి కుక్కరును కూడ అదియే యేలుచున్నది.

ఏఆర్-15 మొదట ఏ తూటాకొరకు రూపొందెనో ఆ .223 రెమింగ్టను తూటా లోపల పుట్టదగిన గరిష్ఠ పీడనము చదరపుటంగుళమునకు 55,000 పౌనులని అమెరికను తయారీదారుల ప్రమాణము. ఇది మన చుట్టునున్న వాయుమండల పీడనమునకు సుమారు 3,700 రెట్లు; సముద్రములలోకెల్ల లోతైన మరియానా అగాధము అడుగున నీటికున్న పీడనమునకు మూడున్నర రెట్లు. ఆ పీడనము కొనయెక్కి దిగుటకు పట్టు కాలము సెకనులో వేయవవంతైనను లేదు. ఇంతవరకు విన్నవాడు, తుపాకి బలమనగా ఈ పీడనమునకు తాళుటయే యనుకొనును. సొంతముగా రైఫిలు కూర్చుకొనువారిలో అనేకులు అట్లే యనుకొందురు. పొరపాటు అక్కడనే మొదలగుచున్నది.

పీడనము వేరు, త్రోపు వేరు. మడమ సన్నని పాదరక్ష తొడిగిన స్త్రీ మెత్తని నేలపై నడచినచో గుంటలు పడును; ఆమెకు ఎన్నోరెట్లు బరువైన యేనుగు అదే నేలపై నిశ్చింతగా నడచిపోవును. అక్కడ విస్తీర్ణము తగ్గి పీడనము పెరిగెను. తుపాకిలో ఈ లెక్క తిరగబడును. పీడనము స్థిరముగా నుండగా, అది పడు విస్తీర్ణము పెరిగినకొలది బోల్టును వెనుకకు నెట్టు త్రోపు పెరుగును. .223 తూటా అడుగుభాగపు వ్యాసము సుమారు 9.6 మిల్లీమీటర్లు, దాని విస్తీర్ణము 72 చదరపు మిల్లీమీటర్లు. 55,000 పౌనుల పీడనమును మన కొలతలోనికి మార్చినచో చదరపు మిల్లీమీటరునకు 38.7 కిలోగ్రాములు. రెండింటిని గుణించినచో 2,800 కిలోగ్రాములు వచ్చును. ఎదిగిన ఆడయేనుగు బరువు రమారమి అంతే యుండును. గుల్లకు గోడలున్నవి గావున లోపలి విస్తీర్ణము ఇంతకంటె తక్కువ. నిజమైన త్రోపు కొంత తగ్గును. అయినను గరిష్ఠపు హద్దును తెలియుటకు ఈ లెక్క చాలును.

ఇపుడు కూర్పరి కోరికను చూతము. ఏఆర్-15 నిర్మాణమున నొక విచిత్ర సౌలభ్యము కలదు: గొట్టమును, బోల్టును మార్చినంతమాత్రమున అదే తుపాకి వేరొక తూటాను పేల్చును. త్రోపు అంతయు బోల్టు పండ్లనుండి గొట్టపు కంఠములోనికి పోయి అక్కడనే సమసిపోవును. చుట్టునున్న అల్యూమినియము దేహమునకు ఆ భారము సోకదు. 1950ల చివర యూజీన్ స్టోనరు అంత తేలిక లోహముతో రైఫిలు దేహమును చేయగలుగుటకు ఇదియే మూలకారణము. బహుదంతముల బోల్టు ఆలోచన ఆయనకు పూర్వమే మెల్విన్ జాన్సను రైఫిలునందుండెను. ఈ సౌలభ్యమును చూచి జనులు పెద్ద తూటాలకు ఆశపడిరి. 2003లో వెలువడిన 6.5 గ్రెండెల్ అట్టిది. దాని అడుగు వ్యాసము 11.2 మిల్లీమీటర్లు, అనుమతింపబడిన పీడనము 52,000 పౌనులు. అంకెను చూచినవాడు పీడనము తగ్గినదని సంతోషించును. గుణకారము చేసినవానికి 3,600 కిలోగ్రాములు కనబడును. అంతేగాక, లావైన అడుగు పట్టుటకై బోల్టు ముఖమును వెడల్పుగా తొలిచిరి; పండ్లకు ఆధారమైన గోడ అంతమేర పలుచనయ్యెను. భారము పెరిగినది, భరించు లోహము తరిగినది.

ఇంతకంటె లావైన .458 సోకామ్ తూటాను చూడుడు. దాని దేహపు వ్యాసము దాదాపు 13.7 మిల్లీమీటర్లు, పీడనమో 35,000 పౌనులే. ఇంత మందకొడి పీడనమేల యని పలువురు అడుగుదురు. మందు మరికొంత నింపినచో గుండు మరింత వేగముగా పోవును గదా యని ఉబలాటపడుదురు. గుణించి చూచినచో సమాధానము దొరకును: ఇచ్చటను త్రోపు 3,600 కిలోగ్రాములే. తూటాలు రెండును రూపమున ఉత్తరదక్షిణ ధ్రువములు. గడియమీద వానిభారము మాత్రము సమానము. ఆ 35,000 అను అంకె తూటా బలహీనతను చెప్పునది కాదు, బోల్టు పండ్ల ఓర్పును చెప్పునది. అదే తూటాను 55,000కు ఎక్కించినచో ఏడు పండ్లమీద 5,700 కిలోగ్రాములు పడును. ఏఆర్-15 దేహములోనికి చొప్పించిన లావుపాటి తూటాలన్నింటికిని, .450 బుష్‌మాస్టరునకు 38,500, .50 బేవుల్ఫునకు 33,000 అని తక్కువ హద్దులు గీయుటలోని రహస్యము ఇంతే. ఈ చిన్న గుణకారమును ప్రతి కూర్పరియు కాగితముమీద ఒక్కసారియైనను వేసికొనవలెనని నా గట్టి అభిప్రాయము.

ఈ లెక్కలో ప్రకృతి మనకు చేయు చిన్న ఉపకారము నొకదానిని చెప్పవలసియున్నది. మందు రగిలినపుడు ఇత్తడి గుల్ల ఉబ్బి గది గోడలను అదుముకొనును. ఆ రాపిడివలన త్రోపులో కొంతభాగము బోల్టును చేరక గొట్టముననే నిలిచిపోవును. అమెరికను తుపాకికారుడు పి. ఓ. ఆక్లీ దీనిని నిరూపించుటకై, వించెస్టరు రైఫిలులో తాళపు కడ్డీని తీసివేసి, శుభ్రమైన పొడి గదిలో తూటాను పేల్చి చూపెను. ఆ ప్రయోగమును చదివి, గుల్లయే భారమును మోయునని భ్రమించువారు కలరు. గదిలో నూనెచుక్క యున్నను, వాన తడి చేరినను ఆ పట్టు సడలును. 1920లలో పెడర్సన్ అను ప్రతిభావంతుడు రూపొందించిన స్వయంపూరక రైఫిలు, గుల్ల సులువుగా జారి వెలుపలికి వచ్చుటకై మైనము పూసిన తూటాలనే కోరెను. జాన్ గారండ్ రైఫిలునకు ఆ పూత అక్కరలేదు. 1936లో అమెరికను సైన్యము స్వీకరించినది గారండునే. గుల్ల చేయు సాయము దైవికముగా లభించు కానుకవంటిది. దానిని ఆదాయపు పద్దులో వ్రాసికొనుట వివేకము కాదు.

పీడనము, విస్తీర్ణము తెలిసినవి. ఇక మిగిలినది ఉక్కు. ఈ విషయమున 1917వ సంవత్సరపు స్ప్రింగ్‌ఫీల్డు కథకంటె గొప్ప పాఠము నాకు కనబడలేదు. కావున దానిని కొంత సావకాశముగా చెప్పెదను.

1903 నమూనా స్ప్రింగ్‌ఫీల్డు రైఫిలు అమెరికను సైన్యపు గర్వము. దానిని మాసచూసెట్సులోని స్ప్రింగ్‌ఫీల్డు ఆయుధశాలయు, ఇల్లినాయిలోని రాక్ ఐలండు ఆయుధశాలయు చేయుచుండెను. మొదటి ప్రపంచయుద్ధమున అమెరికా ప్రవేశించిన యేటనే ఈ రైఫిళ్లు కొన్ని కాల్చువారి చేతులలో బద్దలయ్యెను. బద్దలైనవి సాగి, వంగి, చీలినవి కావు. బోల్టును పట్టియుంచు ఉక్కుదేహము పింగాణిపాత్రవలె ముక్కలయ్యెను. అట్టివానిలో కొన్ని సుత్తిదెబ్బకే పగులునవిగా తేలెను. ఉక్కు రసాయనమును పరీక్షించిరి, దోషము లేదు. నమూనాను పరీక్షించిరి; దోషము లేదు. తుదకు విచారణ కొలిమి యొద్దకు వచ్చి నిలిచెను.

ఆ కొలిమియొద్ద పనిచేయువారు దశాబ్దముల అనుభవముగల నేర్పరులు. ఉక్కు ఎంత కాగినదో దాని రంగును చూచి చెప్పుదురు. ఉష్ణమాపకము లేదు, అవసరమనియు ఎవరికిని తోచలేదు. కాని ఎఱ్ఱగా కాలిన ఇనుము చీకటిగదిలో నొకతీరుగను, ఎండపొడలో వేరొకతీరుగను కనబడునను సంగతి వారి అనుభవమునకు సైతము లోబడలేదు. మబ్బుపట్టిన దినమున సరియైన వేడిగా తోచిన రంగే, కిటికీలగుండ ఎండ నిండుగా పడు దినమున మందముగా తోచును. పనివాడు ఇంకను కాగలేదనుకొని మరింత కాల్చును. విచారణలో ఈ తేడా 300 ఫారన్‌హీటు డిగ్రీలవరకు పోవుచున్నట్లు తేలెను. అంతవేడికి ఉక్కులోని స్ఫటికకణములు లావెక్కును. కణముల సరిహద్దులయందు బంధము చెడును. కమ్మరివాడు 'కాలిపోయిన ఉక్కు' అనునది ఇదియే. అది గట్టితనమును కోల్పోదు, పగులక ఓర్చు గుణమును కోల్పోవును. మామూలు తూటాల భారమును సంవత్సరములతరబడి మోయును. ఒకనాడు మెత్తని ఇత్తడి గుల్ల యొకటి చిట్లి వాయువు ఎదురుతిరిగి కొట్టగా ఆ దెబ్బకు ముక్కలగును.

వెంటనే కొలుములకు ఉష్ణమాపకములను అమర్చిరి. ఒక్కమారు కాల్చి చల్లార్చు పద్ధతిని మాని రెండు దశల పాకమును ప్రవేశపెట్టిరి. స్ప్రింగ్‌ఫీల్డు రైఫిళ్లలో 8,00,000 సంఖ్యకు పూర్వమువి, రాక్ ఐలండువానిలో 2,85,507కు పూర్వమువి అనుమానింపదగినవని నిర్ణయించిరి. పది లక్షలకు పైబడిన తుపాకులు! వానిలో ఏది కాలినది, ఏది మంచిది యని చూపుతో తెలిసికొను ఉపాయము లేదు. ఈ వృత్తాంతమునంతయు జూలియన్ హాచరు అను సైనిక శాస్త్రజ్ఞుడు 1947లో ప్రకటించిన తన గ్రంథమున నమోదు చేసెను.

ఈ కథ చదివినపుడెల్ల నా మనస్సు నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమునకు పోవును. ఆ యూరి కమ్మరులు మూసలో కరగించి చేసిన ఉక్కును కొనుటకై పారసీక వర్తకులు సముద్రములు దాటి వచ్చిరి. డమాస్కసు కత్తుల కీర్తికి మూలమైనది ఆ జాతి ఉక్కే. ఐరోపావారు దానిని 'వుట్జ్' అనిరి. ఆ మాటలో మన ఉక్కే యున్నదని పండితులు చెప్పుదురు. ఆ కమ్మరులును రంగును చూచియే పాకమును నిర్ణయించిరి, మహాద్భుతములను సాధించిరి. కంటిచూపు పనికిరానిదని నేననను. కాని మూసలోని ముద్ద చెడినచో కమ్మరి దానిని గ్రహించి పారవేయును, మరల చేయును. యుద్ధకాలపు కర్మాగారములో లక్షలకొలది వస్తువులు ఒకని చూపు మీదుగా సాగిపోవునపుడు ఎండయు మబ్బును చేసిన తేడా ఎవ్వరి కంటను పడదు. అదే నిజామాబాదునకు కొన్ని గంటల ప్రయాణదూరములో, హైదరాబాదునందు 1973లో స్థాపింపబడిన మిశ్రధాతు నిగమ్ నేడు రాకెట్లకును విమానములకును ప్రత్యేక లోహములను చేయుచున్నది. అచ్చట ప్రతి కడ్డీకిని తాను కాగిన వేడి చరిత్ర కాగితముమీద వెంటవచ్చును.

కంటిని నమ్మి మోసపోవుట కొలిమితో అంతము కాలేదు. తూటాలో పీడనమెంత యని కనుగొనుటకే శాస్త్రజ్ఞులకు నూరేండ్లకు పైగా పట్టినది. 1742లో బెంజమిన్ రాబిన్సు తుపాకిమందు బలమును వాయుమండలమునకు వేయిరెట్లని అంచనావేసెను. 1850ల చివర రాడ్‌మన్ అను అమెరికను అధికారి, పీడనము కత్తిమొనను లోహపుముక్కలోనికి ఎంతలోతున దింపునో కొలిచెను. పిమ్మట ఇంగ్లండున ఆండ్రూ నోబుల్ చిన్న రాగిస్తంభమును అడ్డుపెట్టి, అది నలిగి ఎంత పొట్టియగునో చూచెను. ఈ రాగిపద్ధతి నూరేండ్లు ఏలెను. కాని రాగి నలుగుటకును కొంత వ్యవధి కావలెను. పీడనశిఖరమో కనురెప్పపాటులో నూరవవంతైన నిలువదు. కావున రాగి చెప్పిన అంకె శిఖరమును అందుకొనలేదు. స్ఫటికముపై ఒత్తిడి పడినపుడు విద్యుత్తు పుట్టునను క్యూరీ సోదరుల 1880 నాటి ఆవిష్కరణమును వాడుకలోనికి తెచ్చిన పిమ్మటగాని నిజమైన శిఖరము కనబడలేదు. అదే .223 తూటాకు రాగికొలతలో 52,000, స్ఫటికపుకొలతలో 55,000. రెండంకెలును ఒకే పీడనమునకు చెందినవే. పాత పుస్తకమును ఒకచేత, కొత్త పట్టికను వేరొకచేత పట్టుకొన్నవాడు ఒకదానిని రెండవదానిగా భ్రమించుట సులభము.

తమ తూటాలను తామే నింపుకొనువారికి ఇట్టి పరికరములు అందుబాటున నుండుట అరుదు. వారు పేలిన గుల్ల అడుగున మందును రగిలించు ప్రైమరు చదునెక్కినదా, ఇత్తడిపై బోల్టు ముఖపు గుర్తు పడినదా యని చూచి, పీడనము మించినదో లేదో నిర్ణయింతురు. ప్రైమరు రేకు మందమును బట్టి, గదికిని తూటాకును నడుమ నున్న సందును బట్టి, గుల్లను వెనుకకు లాగిన వేగమును బట్టి ఆ గుర్తులు మారును. హద్దుమీరిన పీడనములోను ప్రైమరు గుండ్రముగా కనబడవచ్చును. ఇంతటి శ్రద్ధాళువులు ఎండలో ఇనుమును చూచిన ఆ కొలిమివారి స్థితిలోనే యుండుట నాకు బాధ కలిగించును.

ఇక బోల్టు విషయమున మరియొక సూక్ష్మమున్నది. గది పీడనము మారకయే బోల్టు ఆయువు తగ్గవచ్చును. ఏఆర్-15లో గొట్టమునకు నడుమ నున్న చిన్నరంధ్రము గుండ కొంత వాయువు వెనుకకు వచ్చి బోల్టును తెరచును. 20 అంగుళముల గొట్టమును కార్బైనను పొట్టి రైఫిలుకొరకు కుదించినపుడు ఆ రంధ్రమును గదికి చేరువగా జరిపిరి. అచ్చట వాయుపీడనము ఇంకను తగ్గలేదు. అది ముందుగా వచ్చి, గట్టిగా తట్టును. గుల్ల ఇంకను గోడలను అదుముకొనియుండగనే బోల్టు తిరుగుటకు ఆరంభించును. పండ్లు భారముక్రింద రాపాడుచు తిరుగును. కొక్కెము గుల్లను బలవంతముగా పెకలించును. తూటా అదే, పీడనశిఖరము అదే, గడియ మాత్రము ముందే అరిగి విరుగును. అట్లు విరుగునపుడు తరచుగా విరుగునవి కొక్కెమునకు ఇరువైపులనున్న రెండు పండ్లు. కొక్కెముకొరకు అచ్చట లోహమును తొలచిరి గదా. ఒంటరియైన పంటికి ఇరుగుపొరుగు ఆధారము తగ్గినది.

విరుగుట ఒక్కదెబ్బకు జరుగదు. 1842లో పారిస్-వెర్సాయి రైలుమార్గమున ఇరుసు విరిగి పలువురు మృతినొందిన పిదప, ఐరోపా ఇంజనీర్లు ఇనుము ఎందుకట్లు అకస్మాత్తుగా తెగునని ఆందోళనపడిరి. ప్రష్యా రైల్వేలలో పనిచేసిన ఆగస్టు వోలరు, తన యంత్రములపై ఇరుసులను లక్షలమార్లు వంచి తిప్పి, ఒక్కసారి పడినచో లోహమునకు చీమకుట్టినట్లును లేని భారమే లక్షలమారులు పడినచో దానిని చీల్చునని చూపెను. లోహమునకును అలసట కలదు. ఆ అలసట పండ్ల మొదలులోని లోపలిమూలలయందు, ఉలిగీతంత చిన్న గంటులయందు గూడుకట్టుకొనును. మంచి తయారీదారులు ఆ మూలలను గుండ్రముగా తీర్చుటయు, సన్నని ఉక్కుగుళికలతో బోల్టు పైపొరను కొట్టించి దానిని లోనికి బిగబట్టియుంచుటయు ఇందుకే. లోపల పగులక ఓర్చు మెత్తని గర్భమును, పైన కర్బనము నెక్కించిన గట్టి చర్మమును ఉండునట్లు పాకముపట్టుటయు ఇందుకే. సైన్యము కోరిన కార్పెంటరు 158 ఉక్కు మేలా, 9310 ఉక్కు మేలా యని అభిమానులు అవిశ్రాంతముగా వాదింతురు. రెండును నికెలు, క్రోమియము కలసిన ఉత్తమ లోహములు. స్ప్రింగ్‌ఫీల్డులో చెడినది ఉక్కు పేరు కాదు, పాకము.

2022లో అమెరికను సైన్యము ఎన్నుకొన్న కొత్త రైఫిలు తూటా పౌరరూపమైన .277 ఫ్యూరీకి అనుమతించిన పీడనము 80,000 పౌనులు. ఆ పీడనమునకు ఇత్తడి అడుగు తాళదు గావున అడుగును ఉక్కుతో చేసి, దేహమును మాత్రము ఇత్తడిగా ఉంచి, రెండింటిని కలిపిరి. పైనుదహరించిన రీతిగా గుణించినచో గడియమీద 6,300 కిలోగ్రాములు! దీనిని ఏఆర్-15 దేహములో ఇముడ్చుట తగదు. సైన్యము ఎన్నుకొన్న ఆ రైఫిలు అంతకంటె పెద్దబోల్టు గలది.

సైన్యమునకు పోవు ఏఆర్-15 జాతి ప్రతి బోల్టునకును 70,000 పౌనుల పీడనముగల పరీక్షాతూటాను ఒకదానిని పేల్చుదురు. అది పాకము చెడినదానిని పట్టియిచ్చును. అలసటను గూర్చి మాత్రము ఏమియు చెప్పజాలదు. అందువలన పేల్చిన పిమ్మట బోల్టును అయస్కాంతీకరించి, వెలుగునిచ్చు రంగు పూసిన సన్నని ఇనుపరజను గల ద్రవములో తడుపుదురు. పగులు ఎచ్చటనున్నను అయస్కాంతరేఖలు అచ్చట వెలికి పొంగును. రజను అచ్చట చేరును. పిమ్మట గదిలో దీపములను ఆర్పి అతినీలలోహిత కాంతిని ప్రసరింపజేయుదురు. అంతసేపును నున్నగా కనబడిన పంటి మొదలున వెండ్రుకవంటి పసుపుపచ్చని గీత మెఱసినచో, పరీక్షకుడు ఆ బోల్టును పక్కనున్న డబ్బాలోనికి వేయును.